మానసిక వ్యాధుల రక్త పరిశోధనపై తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ,

స్కిజోఫ్రీనియా, డిప్రెషన్‌లపై రక్త పరిశోధనకు అనుమతి అడిగేవారిని ముందు ట్యూబుల గురించే అడగండి. డీఎన్ఏ మిథైలేషన్ (జన్యువుల పనిని మార్చే, డీఎన్ఏపై అతుక్కునే రసాయన గుర్తులు) చూడటానికి మామూలు ఈడీటీఏ ట్యూబు (రక్తం గడ్డకట్టకుండా ఉంచేది) చాలు. జన్యువుల పనితీరు చూడాలంటే వాటి నుంచి తయారయ్యే ఆర్ఎన్ఏ చెడకూడదు. అందుకు ఆర్ఎన్ఏను కాపాడే పాక్స్‌జీన్ ట్యూబులో 2.5 మి.లీ. రక్తం తీసి, వెంటనే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. 18-25 డిగ్రీల్లో ఆ ఆర్ఎన్ఏ 3 రోజులు చెడకుండా ఆగుతుంది. మన మే నెల ఎండకు వరండా బల్ల మీద వదిలేస్తే ఆ లెక్క చెల్లదు.

ఇన్ఫెక్షన్ వస్తే రక్తంలో తెల్లకణాల పాళ్లు మారతాయి; వాటిని సరిచూడకపోతే మామూలు ఇన్ఫెక్షన్‌నే మానసిక జబ్బు గుర్తనుకుంటారు. పొగతాగడం ఏహెచ్ఆర్ఆర్ జన్యువు మీద మిథైలేషన్‌ను తగ్గిస్తుంది. అందుకే బీడీలు, మందుల వివరాలు తప్పక రాయించాలి. రోగుల నమూనాలన్నీ ఒక చిప్‌పై (నమూనాలను చదివే పలకపై), ఆరోగ్యవంతులవి మరోదానిపై పెట్టారా, తేడా జబ్బుదో చిప్‌దో తేలక పెట్టిన ఖర్చు గంగపాలే!

రక్తం మెదడు కాదు. ఈ రక్త పరిశోధనను రోగనిర్ధారణ పరీక్షగా అమ్మడానికి మాత్రం ఒప్పుకోకండి.

ఇట్లు,
ల్యాబ్ పని తెలిసిన కొందరం, తిరుపతి