పేగుపూత, క్రోన్స్ సభ్యుల సర్వసభ్య సమావేశానికి వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులకు, వెంట వచ్చిన కుటుంబ సభ్యులకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సిన పని మే 19న, ప్రపంచ ఐబీడీ దినం నాడు జరిపిన సభ. ఐబీడీ అంటే పేగుల్లో వాపు, పుండ్లతో ఏళ్ల తరబడి వేధించే మన పేగుపూత, క్రోన్స్ జబ్బులే. దాని వెనక ఒక బాధ ఉంది. మన సభ్యుడొకరు ఎవరో చెప్పారని పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు మానేసి, మేలు చేసే బాక్టీరియా ఉంటాయనే ప్రొబయోటిక్ క్యాప్సూల్స్ మీదే ఉండిపోయారు. రెండు నెలలు తిరగకుండానే నెత్తురు విరేచనాలతో ఆస్పత్రిలో చేరారు. పేరు వద్దు గానీ తన సంగతి అందరికీ చెప్పమని ఆయనే అడిగారు. అందుకే ఈసారి సభను పేగుల్లోని బాక్టీరియా గురించే పెట్టాం.

మైక్రోబయాలజీ లెక్చరర్ మేడం కాలేజీ నుంచి మైక్రోస్కోప్ తెచ్చారు. ఇంటి పెరుగు మీది తేట ఒక చుక్క గాజు పలక మీద పూసి, ఆరబెట్టి, దీపం సెగకు చూపించి, నీలం రంగు వేసి కడిగారు. ఒక్కొక్కరం వంగి చూశాం. చిన్న చిన్న పుల్లల్లా కొన్ని, పూసల దండల్లా కొన్ని. క్రోన్స్ ఉన్న తొమ్మిదో తరగతి బాబు వాళ్లమ్మ కన్ను తీయకుండా చాలాసేపు చూసి, "ఇవి కడుపులోకి వెళ్తే మా వాడికి తగ్గిపోతుందా మేడం?" అని అడిగారు.

మేడం చెప్పిన జవాబును, ఆ రోజు సభకు రాని సభ్యుల కోసం రాస్తున్నాను. మన ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని అంచనా, ఎక్కువ భాగం పెద్దపేగులోనే. వాటిలో ఫీకాలిబాక్టీరియం ప్రౌస్నిట్జీ అనేది మనం తిన్న పీచును పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఒక కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పెద్దపేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. క్రోన్స్ ఉన్నవాళ్లలో ఈ బాక్టీరియా తగ్గిపోతుంది. ఆపరేషన్ అయినవాళ్లలో ఇది తక్కువ ఉన్నవారికి జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. అయితే ఇది గాలి తగిలితే బతకదు, అందుకే పెరుగులో ఉండదు. బాక్టీరియా తగ్గి జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల తగ్గాయా అన్నదీ ఇంకా తేలలేదు. జన్యువులు, రోగనిరోధక శక్తి పొరపాటు కూడా ఇందులో ఉన్నాయి. కాబట్టి పెరుగు పడినవాళ్లు హాయిగా తినండి, మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకండి. పేగు సన్నబడినవాళ్లు పీచు పెంచేముందు కూడా డాక్టరును అడగాలి. ఆ తల్లి ఇవన్నీ పిల్లాడి నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నారు. నాకు అదే సభ విజయం.

మేడంకు, ఆదివారం పూట మైక్రోస్కోప్ ఇచ్చిన కాలేజీ వారికి, అద్దె తీసుకోకుండా హాలిచ్చిన పెద్దాయనకు, ఎండలో కుర్చీలు మోసిన కుర్రాళ్లకు, పచ్చిమిర్చి లేకుండా మజ్జిగ, పెసరపప్పు కిచిడీ చేసి పెట్టిన వదినగారికి ధన్యవాదాలు. ఎవరి పేరైనా మర్చిపోతే క్షమించాలి.

ఫోన్ సహాయం ఏడాది పొడవునా నడిచింది. క్రోన్స్‌ను పేగుల టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడినవాళ్ల ఫోన్లు ఈసారీ వచ్చాయి. రెండు జబ్బులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి డాక్టర్లను తప్పుపట్టలేం. మళ్లీ పరీక్ష చేయించుకొమ్మని మాత్రం ధైర్యం చెప్పాం.

ఒక మాట బాధతోనే చెప్పాలి. ఫోన్ డ్యూటీకి పోయిన సమావేశంలో పద్నాలుగు మంది పేర్లిచ్చారు. వచ్చింది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకామె తనకు జబ్బు తిరగబెట్టినా రాత్రిళ్లు ఫోన్ ఎత్తింది. ఇక బస్టాండు టాయిలెట్ల సంగతి. కార్డు చూపిస్తే మన సభ్యులను వరసలో నిలబెట్టకుండా పంపాలని మూడుసార్లు అర్జీ ఇచ్చాం. ప్రతిసారీ కొత్త అధికారి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం. లోపల అర్జెంటు అయినప్పుడు ఒక్క నిమిషం ఎంత పొడుగో వాళ్లకు తెలియదు. నాలుగో అర్జీ సిద్ధంగా ఉంది, సంతకాలు చేసి వెళ్లండి.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు, ఆడిట్ అయింది. చందా బాకీలున్నవాళ్లు ఈరోజే కట్టేస్తే మంచిది.

ఫోన్ డ్యూటీ కాగితం తలుపు దగ్గర బల్ల మీద పెట్టాం. వారానికి ఒక్క సాయంత్రం నిజంగా ఇవ్వగలిగినవాళ్లే పేరు రాయండి.

కార్యదర్శి