చిన్న ట్రేడరు గెలిచే చోటు వేరు

సంపాదకుడు గారికి,

చిన్న ట్రేడరు తలచుకుంటే పెద్ద ఫండ్లను మించి సంపాదించగలడంటూ మీ వాణిజ్య పేజీలో వ్యాసం వచ్చి వారం దాటింది. ఇంతవరకు సవరణ లేదు. ఆ మాట పూర్తిగా తప్పు కాదు. కానీ అది నిజమయ్యే చోటు వదిలేసి, పాఠకుణ్ణి నేరుగా వీక్లీ ఆప్షన్లలోకి (ధర ఎటు కదులుతుందోనని కొనే, వారంలో గడువు తీరే కాంట్రాక్టుల్లోకి) తోశారు.

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన లెక్క వ్యాసకర్త చూడలేదా? 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. పోయింది 1.8 లక్షల కోట్లకు పైనే. ఖర్చులు పోను లక్ష రూపాయలు దాటి లాభం మిగిలినవారు నూటికి ఒక్కరు. 2023-24లో ప్రొప్రయిటరీ ట్రేడర్లకు (సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలకు) 33 వేల కోట్లు, విదేశీ ఫండ్లకు 28 వేల కోట్లు స్థూల లాభం వచ్చింది. అందులో 96, 97 శాతం ఆల్గోలు, అంటే వాటంతట అవే ఆర్డర్లు వేసే కంప్యూటర్ ప్రోగ్రాములు, తెచ్చిందే. ఫోన్లో చార్టు చూసి బటన్ నొక్కే మనిషికి పోటీ వాటితో!

ఖర్చుల ఊసే లేదు. ఆర్డరుకు 20 రూపాయల బ్రోకరేజీ అంటే కొని అమ్మితే 40, జీఎస్టీతో 47.20. రోజుకు నాలుగుసార్లు, నెలకు ఇరవై రోజులు చేస్తే 3,776 రూపాయలు. యాభై వేలతో మొదలుపెట్టినవాడికి నెలకు ఏడున్నర శాతం ఇక్కడే పోయింది. ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను), ఎక్స్ఛేంజీ చార్జీలు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా ఇంకా కలపలేదు. దిశ సరిగ్గా ఊహించినా, ఎక్స్‌పైరీ (గడువు తేదీ) దగ్గరపడేకొద్దీ ప్రీమియం, అంటే ఆప్షన్ ధర, కరిగిపోతుంది.

చిన్నవాడికి నిజమైన వీలు చిన్న కంపెనీల షేర్లలో ఉంది. ఒక మ్యూచువల్ ఫండ్ సంస్థ తన స్కీములన్నీ కలిపినా ఏ కంపెనీలోనూ ఓటు హక్కున్న షేర్లు 10 శాతానికి మించి పెట్టుకోకూడదు. 500 కోట్ల విలువున్న కంపెనీలో అది 50 కోట్లు. 20 వేల కోట్ల స్కీముకు అది పావు శాతం. షేరు రెట్టింపైనా స్కీముకు కలిసేది పావు శాతమే. అందుకే పెద్దవాళ్లు అటు తొంగిచూడరు. రెండు లక్షలు పెట్టేవాడికి ఆ అడ్డు లేదు, ర్యాంకింగుల ఒత్తిడి లేదు, నచ్చకపోతే డబ్బు చేతిలో పెట్టుకుని కూర్చోవచ్చు. ప్రమాదమూ అక్కడే ఉంది. చెడ్డ వార్త వస్తే రోజూ లోయర్ సర్క్యూట్ (ఒక్క రోజులో ధర పడగల కింది హద్దు) పడుతుంది, కొనేవాడు ఉండడు. రోజువారీ డెలివరీ వాల్యూమ్ (నిజంగా చేతులు మారే షేర్ల సంఖ్య), ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లు, ఆడిటర్ మార్పులు, లాభానికి తగ్గ నగదు వస్తోందా లేదా చూడకుండా అందులో దిగకూడదు. వ్యాసం చెప్పాల్సిన విషయాలు ఇవి.

పన్ను సంగతీ రాయలేదు. ఫండు లోపల షేర్లు మార్చుకుంటే స్కీముకు పన్ను లేదు. వ్యక్తి ఏడాదిలోపు లాభానికి అమ్మితే 20 శాతం కట్టాలి. ఎంపిక ఫండుతో సమానంగా ఉన్నా తరచూ అమ్మేవాడు వెనకబడతాడు.

'ఫండును మించాను' అనేవాళ్లను ఎలా లెక్కగట్టారని అడగండి. డీమ్యాట్ ఖాతాలన్నిటిలో, మూసేసిన వాటితో సహా, వేసిన ప్రతి రూపాయి, తీసిన ప్రతి రూపాయి తేదీలతో రాసి ఎక్స్‌ఐఆర్‌ఆర్ (తేదీలను బట్టి లెక్కకొచ్చే వార్షిక రాబడి) కట్టాలి. అవే తేదీల్లో అంతే డబ్బు నిఫ్టీ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో వేస్తే ఎంతయ్యేదో పక్కన పెట్టాలి. డివిడెండ్లు కలిపిన సూచీతో పోల్చుకోవాలని ఫండ్లకు 2018 నుంచే నిబంధన ఉంది. గెలిచిన రోజు స్క్రీన్‌షాట్ చూపేవాడికి మాత్రం ఏ నిబంధనా లేదు.

అధికారులూ ఆలస్యంగానే కదులుతారు. సూచీని అటూ ఇటూ కదిలించి ఆప్షన్లలో లాభపడిందన్న ఆరోపణ ఎదుర్కొంటున్న అమెరికా ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్ వ్యవహారంలో సెబీ పరిశీలించిన లావాదేవీలు 2023 జనవరి నుంచి మొదలయ్యాయి. 4,843 కోట్లు స్వాధీనం చేయాలన్న మధ్యంతర ఉత్తర్వు 2025 జులైలో వచ్చింది. ఆ సంస్థ ఆరోపణలు కాదని ట్రిబ్యునల్‌కు వెళ్లింది. తీర్పు ఏదైనా, అన్నాళ్లూ ఎదుటి పక్క కొన్న చిన్నవాళ్ల గతేమిటి? షేర్ మార్కెట్ పాఠాలు చెబుతున్నామనేవాళ్లు గత మూడు నెలల షేర్ల ధరలు వాడకూడదని 2025 జనవరిలో సెబీ సర్క్యులరిచ్చింది. టెలిగ్రామ్ గ్రూపుల్లో లైవ్ టిప్పులు ఆగాయా?

పత్రికలైనా జాగ్రత్త పడాలి. ట్రేడింగ్ మీద వేసే ప్రతి వ్యాసం కింద సెబీ నష్టాల లెక్క ఒక పెట్టెలో వేయండి. రాసినవారికి కోచింగ్ సంస్థతోనో బ్రోకరుతోనో సంబంధముంటే పేరు పక్కనే ఆ మాట అచ్చువేయండి.

– ఒక పాఠకుడు, గుంటూరు