'రాడా' అంటే ఏమిటో చెప్పండి

సంపాదకుల వారికి,

ఉక్రెయిన్ వార్తల్లో తరచూ కనిపించే 'వెర్ఖోవ్నా రాడా' (అత్యున్నత సభ) అనే ఆ దేశ చట్టసభ పేరును మన పత్రికలు అర్థం చెప్పకుండా 'రాడా పార్లమెంటు' అని రాసి వదిలేయడం బాధ కలిగిస్తోంది. ఉక్రేనియన్‌లో 'రాడా' అంటే సలహా అనీ, సలహా కోసం కూడిన సభ అనీ రెండర్థాలు. జర్మన్ 'రాట్'కూ ఇవే అర్థాలు. అక్కడి మాటే పోలిష్ మీదుగా ఉక్రేనియన్‌లో చేరింది. మన 'ఆరాధన'లోని సంస్కృత 'రాధ్' ధాతువు కూడా దానికి దూరపు చుట్టమే. నాయకుణ్ణి ఎన్నుకోవడానికి ఒకప్పటి ఉక్రెయిన్ యోధులైన కొసాక్కులు జరుపుకున్న కూటమికీ, 1917లో కీవ్‌లో ఏర్పడిన కేంద్ర రాడాకూ, నేటి 450 స్థానాల చట్టసభకూ అదే పేరు. మనకు చిరపరిచితమైన రష్యన్ మాట 'సోవియట్'కు కూడా సరిగ్గా ఇవే అర్థాలు కనుక, సోవియట్ కాలంలో ఉక్రెయిన్ చట్టసభ అయిన సుప్రీం సోవియట్‌ను ఉక్రేనియన్‌లో 'వెర్ఖోవ్నా రాడా' అనే పిలిచేవారు; 1991లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పేరు మారలేదు.

రష్యా సభ పేరైన 'దూమా' ఆలోచనకు సంబంధించిన మాట. దాన్ని ఇంగ్లిషు అక్షరాలు చూసి 'డ్యూమా' అని రాస్తున్నాం. నిజానికి ఈ రెండు మాటల్లోనూ ఉన్నది పళ్లను తాకి పలికే 'ద'యే; ఆ అక్షరం మన లిపిలో ఉండగా 'డ' ఎందుకు? ఇకమీదట మొదటి ప్రస్తావనలోనైనా 'ఉక్రెయిన్ చట్టసభ రాద' అని రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ