కాలువ బాగుపడితేనే కిటికీ తెరవగలం

సంపాదకుడు గారికి నమస్కారం.

గాలి కాలుష్యం అనగానే టీవీల్లో ఢిల్లీ పొగమంచే చూపిస్తారు. మా గోదావరి జిల్లాల్లో పచ్చటి పొలాలు, కాలువలు, కొబ్బరి తోటలు ఉన్నాయి కాబట్టి ఇక్కడి గాలికేం ఢోకా లేదని చాలామంది నమ్మకం. కానీ గాలి బాగాలేని నగరాల కోసం కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం జాబితాలో ఏలూరు, రాజమహేంద్రవరం కూడా ఉన్నాయి. పైగా ఆ లెక్కలన్నీ బయట గాలికి సంబంధించినవి. పిల్లలు రాత్రంతా పీల్చేది ఇంట్లో గాలి, దాన్ని కొలిచేవాళ్లు ఎవరూ లేరు. మా బాబుకి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. వాడి కోసం తెలుసుకుంటూ వచ్చిన విషయాలు, మా వీధిలో కళ్లారా చూస్తున్న విషయాలు మీ పత్రిక ద్వారా నలుగురికీ, ముఖ్యంగా మున్సిపాలిటీ వాళ్లకి చెప్పాలని రాస్తున్నాను.

మా వీధిలో సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి ఇళ్లన్నీ తలుపులు, కిటికీలు బిగించేసుకుంటాయి. కారణం దోమలు. వీధి చివర డ్రెయిన్‌లో పూడిక తీసి ఎన్నాళ్లయిందో, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు కలిసి నీళ్లు కదలవు. కిటికీలు మూశాక ఏం చేస్తాం, కాయిల్ వెలిగిస్తాం. మంచం కింద చిన్న రేకు స్టాండ్ మీద పెడితే తెల్లారేసరికి చుట్టలు చుట్టలుగా బూడిద మిగులుతుంది, దుప్పట్లకి, పిల్లల జుట్టుకి కూడా ఆ వాసన పడుతుంది. చైనా, మలేసియా కాయిల్స్ మీద చేసి 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేదానితో సమానమని తేలింది. సిగరెట్ తాగేవాడి పక్కన పిల్లాణ్ణి కూర్చోబెట్టడానికి ఏ తల్లీ ఒప్పుకోదు, కానీ కాయిల్ పొగలో ఎనిమిది గంటలు పడుకోబెడుతున్నాం, అదీ తలుపులన్నీ వేసి.

ఇంకో ప్రమాదం దోమల అగరబత్తీలు. చవగ్గా వస్తాయి, వెలిగించగానే దోమలు పడిపోతాయి కాబట్టి కిరాణా కొట్లలో బాగా అమ్ముడుపోతున్నాయి. ఇంట్లో వాడే దోమల మందు ఏదైనా 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్టరై ఉండాలి, ఆ నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. మీరే ఓసారి మీ వీధి కొట్టుకి వెళ్లి చూడండి, కొన్నింటి మీద తయారు చేసినవాడి అడ్రస్ కూడా ఉండదు. అందులో ఏ మందు ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. అలాంటిదాని పొగ పీల్చి అర్ధరాత్రి పిల్లికూతలతో లేచే పిల్లాడికి ఏ డాక్టరు మాత్రం ఏం చెప్తాడు?

ఇంట్లో మనం చెయ్యాల్సిన పనులు లేవని కాదు. మా అత్తగారు పసిపిల్లలకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసే తరం మనిషి. శుక్రవారం ఇల్లంతా ధూపం తిప్పనిదే ఆవిడకి తృప్తి ఉండదు. పొగ ఏదైనా బాబు ఊపిరితిత్తులకి ఒకటేనని డాక్టరు గారు ఆవిడకే నేరుగా, మర్యాదగా చెప్పేసరికి అర్థం చేసుకున్నారు. ఇప్పుడు ధూపం గుమ్మం బయట తులసికోట దగ్గర వేస్తున్నారు, అగరబత్తి మానేసి నూనె దీపంతో సరిపెట్టుకుంటున్నారు. ఆ మాట నేను చెప్పి ఉంటే ఇంట్లో పెద్ద గొడవయ్యేది. అందుకే మందుల చీటీ రాసేటప్పుడు డాక్టర్లు ఓ రెండు నిమిషాలు ఇంట్లో ఏమేం వెలిగిస్తారు, ఎవరైనా చుట్టో బీడీయో తాగుతారా అని అడిగి, పెద్దవాళ్లని కూడా కూర్చోబెట్టి చెప్పాలని నా కోరిక. ఆశా కార్యకర్తలు ఎలాగూ ఇంటింటికీ వస్తారు, ఉబ్బసం పిల్లలున్న ఇంట్లో వాళ్లు కూడా ఈ ప్రశ్నలే అడగొచ్చు.

పడక సంగతి కూడా చాలామందికి తెలియదు. కంటికి కనపడని డస్ట్ మైట్స్ అనే పురుగులు పరుపుల్లో, దిండ్లలో, అటక మీద నుంచి దింపిన పాత బొంతల్లో పెరుగుతాయి, తేమ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ. మా జిల్లాల్లో తేమకి కొదవేం లేదు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో, అంటే 55, 60 డిగ్రీల నీళ్లలో ఉతికి ఎండలో వెయ్యాలి. పొడి చీపురుతో ఊడ్చి దుమ్ము లేపడం కంటే తడిగుడ్డ పెట్టడం మంచిది, అదీ బాబు బడికి వెళ్లాక. వంటింట్లో మిరపకాయల తాలింపు పెట్టేటప్పుడు వాణ్ణి దూరంగా ఉంచాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే వెయ్యాలి. ఇవన్నీ పెద్ద ఖర్చులేని పనులే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే అన్నాను, అసలు ఇబ్బంది అక్కడే ఉంది. అద్దె ఇళ్లలో వంటింటికి కిటికీ ఉండదు, ఉన్నా అది పక్కింటి గోడలోకి తెరుచుకుంటుంది, చెయ్యి చాపితే ఆ గోడ తగులుతుంది. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం మా లాంటి వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో గది నేల విస్తీర్ణంలో ఆరో వంతు మేర కిటికీలు, తలుపుల ఖాళీ ఉండాలి. ప్లాన్ కాగితం మీద అన్నీ ఉంటాయి, కట్టేటప్పుడు సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం, మింగేసి ఇంకో గది లేపుతారు, తనిఖీకి ఎవరూ రారు. వానాకాలంలో గోడ చెమ్మెక్కి నల్లటి బూజు పడితే ఓనర్ గారు దాని మీదే సున్నం కొట్టిస్తారు. పైపు లీకు ఆపకుండా రంగు వేస్తే నెల తిరక్కుండా బూజు మళ్లీ బయటపడుతుంది, ఆ బూజు కూడా ఆయాసం తెప్పించేదే. గట్టిగా అడిగితే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. చంటిపిల్లలతో, బళ్లు మధ్యలో ఉండగా ఎక్కడికని పోతాం?

డబ్బున్నవాళ్లు ఎయిర్ ప్యూరిఫయర్లు కొంటున్నారు. సన్నటి ధూళిని కూడా పట్టే మంచి హెపా ఫిల్టర్ ఉన్నది ధూళిని తగ్గిస్తుంది, కాదనను. కానీ వేలకి వేలు పోసి కొని, నెలనెలా ఫిల్టర్ టెన్షన్ పడి, అదే గదిలో కాయిల్ వెలిగిస్తే ఏం లాభం? ఓజోన్ వదిలే మిషన్లయితే ఉబ్బసం ఉన్నవాళ్లకి మరింత చెరుపు. ఆ డబ్బులో కొంత పెట్టి కిటికీలకి మెష్ కొట్టించుకుని, దోమతెర కట్టుకుంటే ఎక్కువ ఉపయోగం.

ఇన్‌హేలర్ గురించి కూడా ఒక మాట. అలవాటు పడిపోతారని భయపడి చాలామంది పిల్లలకి సిరప్పులే పోస్తూ ఉంటారు, కాస్త తగ్గగానే రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ ఆపేస్తారు. ప్రపంచవ్యాప్తంగా 2019లో ఉబ్బసంతో దాదాపు 4 లక్షల 55 వేల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇంట్లో గాలి ఎంత బాగు చేసుకున్నా ఆ మందు మానకూడదు, స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంతో, సరిగ్గా పీల్చడం పిల్లలకి నేర్పాలి. ఏటా మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లిలో చేప ప్రసాదం కోసం వేలమంది బారులు తీరతారు, ఈ జబ్బుతో జనం ఎంత బాధపడుతున్నారో దానికంటే రుజువు ఏం కావాలి? వాళ్ల కోసం ప్రభుత్వం గ్రౌండు ఇస్తుంది, మత్స్యశాఖ కొర్రమీను పిల్లల్ని సరఫరా చేస్తుంది, పోలీసు బందోబస్తు పెడుతుంది. అంత శ్రద్ధ మిగతా రోజుల్లో ఈ పిల్లల ఇళ్ల చుట్టూ కూడా పెట్టాలి.

మున్సిపాలిటీ వాళ్లని అడిగేవి ఇవి. వానలు పడకముందే డ్రెయిన్ల పూడిక తియ్యండి, తీసిన మట్టిని గట్టునే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ అందులోకే జారిపోతుంది కాబట్టి వెంటనే ఎత్తించండి. నిలవ నీటి గుంటల్లో దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలండి, చేపలు వెయ్యలేని మురుగు గుంటల్లో ఆయిల్ బాల్స్, అంటే నూనెలో ముంచిన రంపపు పొట్టు మూటలు, వెయ్యండి. పొద్దున్నే చెత్త కుప్పలకి నిప్పు పెట్టడం ఆపించండి. చెత్త తగలబెట్టకూడదని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లోనే పెట్టారు, అదే ఏడాది పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 5 వేల రూపాయల జరిమానా కూడా పెట్టింది. అయినా మా వీధిలో ఊడ్చినవాళ్లే ఆకులూ ప్లాస్టిక్కూ కలిపి అంటిస్తున్నారు. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు, వీధి ఊడ్చిన చెత్త ఎత్తుకెళ్లడానికి బండి రాకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఆ బండి పంపించండి. ఇళ్లకి ప్లాన్ ఇచ్చేటప్పుడు కాకుండా కట్టాక వచ్చి వంటింటి కిటికీ ఉందో లేదో చూడండి.

ఇక ఫాగింగ్. డీజిల్‌లో మందు కలిపి కొట్టే ఆ తెల్లటి పొగ చెప్పాపెట్టకుండా సాయంత్రం వీధిలోకి వస్తుంది, అప్పుడే పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, కొందరు సరదాపడి ఆ బండి వెనకే పరిగెడతారు. ఏ వీధిలో ఏ రోజు కొడతారో ముందు రోజే చెప్తే ఉబ్బసం ఉన్న పిల్లల్ని ఆ గంట వేరే చోటికి తీసుకెళ్తాం. దీనికి కొత్తగా బడ్జెట్ ఏమీ అక్కర్లేదు, ఇళ్ల చెత్త తీసుకెళ్లే బండి రోజూ పొద్దున మైకులో పాట వేసుకుంటూ ప్రతి గుమ్మం ముందుకీ వస్తుంది, ఆ మైకులోనే రెండు ముక్కలు చెప్పించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా