కార్టిసాల్ రిపోర్టులో కుంగుబాటు దొరకదు

సంపాదకులకు,

ఇంటర్ పిల్లలు దిగులుగా ఉంటే కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) పరీక్ష, జన్యు పరీక్ష చేయించాలా అని విశాఖలో తల్లిదండ్రులు అడుగుతున్నారు. మా దృష్టిలో అది దండగ ఖర్చు. కార్టిసాల్ నిద్ర లేచిన 30-45 నిమిషాలకు బాగా పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. పదింటికి ఒక్కసారి తీసిన రక్తంతో ఏం తేలుతుంది? సూది భయానికే అది పెరగొచ్చు! పరిశోధకులైతే లేవగానే, పళ్లు తోమకముందే లాలాజలం తీస్తారు, అదీ కొన్ని రోజులపాటు. 2014లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఉదయపు కార్టిసాల్ ఎక్కువగా ఉండి, కుంగుబాటు లక్షణాలు కూడా ఉన్న మగపిల్లలకు తర్వాత తీవ్రమైన కుంగుబాటు వచ్చే ముప్పు బాగా ఎక్కువని గమనించారు. ఆడపిల్లల్లో అది అంత స్పష్టంగా కనబడలేదు.

జన్యు పరీక్ష సంగతీ అంతే. కవలల అధ్యయనాల ప్రకారం కుంగుబాటులో వారసత్వం వాటా సుమారు 37 శాతం. అదీ ఏ ఒక్క జన్యువుదో కాదు, ఎన్నో జన్యువుల చిన్న చిన్న ప్రభావాల మొత్తం.

చూడాల్సింది రిపోర్టు కాదు, పిల్లల్ని. రెండు వారాలు దాటి చిరాకు, నిద్రలో తేడా, అన్నం సహించకపోవడం, ఇష్టమైన ఆటకీ లేవకపోవడం ఉంటే డాక్టరుకు చూపించండి. తెల్లవారుజాము స్టడీ అవర్లు పెట్టే కాలేజీలూ ఈ వయసుకు 8-10 గంటల నిద్ర కావాలని గుర్తించాలి. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలొద్దు. ఆ రోజే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

– మానసిక ఆరోగ్య నిపుణులు, విశాఖపట్నం