నడకని కూలి లెక్కెయ్యకు బావా

ఒరేయ్ బావా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. కేబీఆర్ పార్కులో నడుస్తూ నడుస్తూ కళ్లు తిరిగి బెంచీ మీద కూలబడ్డానని ఎంత మామూలుగా చెప్పావురా! బరువు తగ్గాలని రాత్రి భోజనం పూర్తిగా మానేశావు. పొద్దున్నే ఖాళీ కడుపుతో గంటన్నర నడుస్తున్నావు. పైగా షుగర్ మాత్ర వేసుకుంటున్నావు. ఫోన్లో చెబితే మధ్యలో మాట మారుస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్యి. నీ మాత్రల అట్ట వెనక పేర్లు చదువు. అందులో గ్లిమిపిరైడ్ ఉంటే మాత్రం ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. నువ్వు తిన్నా, తినకపోయినా అది షుగర్‌ని తగ్గించే ఇన్సులిన్‌ని బయటికి రప్పిస్తూనే ఉంటుంది. రాత్రి పస్తుండి పొద్దున నడిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. తిండి తగ్గించాను, నడక పెంచాను, మందు మార్చాలా అని అడుగు. నీ అంతట నువ్వు ఆపెయ్యకు. అప్పటిదాకా జేబులో గ్లూకోజ్ పొట్లం లేకుండా గేటు దాటొద్దు.

ఇక బరువు సంగతి. పోయినేడాది నేను కూడా ఇదే దారిలో పడ్డానని నీకు తెలుసు. అప్పుడు 84 కిలోలు. రోజూ తెల్లారకుండానే గోదావరి గట్టు మీద గంట నడిచేవాణ్ణి. పుష్కర ఘాట్ దగ్గర సూర్యోదయం చూసుకుని, వాకింగ్ బ్యాచ్‌తో కలిసి టిఫిన్ బండి దగ్గర ఆగేవాళ్లం. గంట నడిచాం కదా అని ఉప్మా పెసరట్టు, పైన రెండు పునుగులు, తర్వాత కాఫీ. మూడు నెలలు ఒక్క రోజు మానకుండా నడిచాను. కాటా ముల్లు కదల్లేదు.

అప్పుడు కూర్చుని లెక్క కట్టాను. 84 కిలోల మనిషి గంటకి 5 కిలోమీటర్ల చొప్పున నడిస్తే సుమారు 290 కేలరీలు ఖర్చవుతాయి. కానీ ఆ గంట కుర్చీలో కూర్చున్నా 80 దాకా ఖర్చయ్యేవే కదా. అవి తీసేస్తే నడక వల్ల అదనంగా పోయింది 200 పైచిలుకు. ఒక టేబుల్ స్పూన్ నూనెలోనే 120 ఉంటాయి. గంట నడిచి సంపాదించింది బండి దగ్గర పది నిమిషాల్లో తినేసి, ఇంకాస్త మిగుల్చుకుని ఇంటికెళ్తున్నానన్నమాట. నీ చేతి వాచీ చూపించే అంకెని కూడా నమ్మకు బావా, అది చాలాసార్లు ఎక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి, ఇంత కరిగింది కాబట్టి ఇంత తినొచ్చు అనుకుంటే మునిగిపోతాం.

కోపమొచ్చి నెల రోజులు నీలాగే కడుపు మాడ్చుకున్నాను. రెండు పుల్కాలు, గ్లాసు మజ్జిగ. 5 కిలోలు తగ్గాను. అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం ప్రతి దానికీ అందరి మీదా అరిచేవాణ్ణి, మే నెలలో చలేసేది, మెట్లెక్కితే తొడలు వణికేవి. ఆపగానే ఆ 5 కిలోలూ రెండు నెలల్లో తిరిగొచ్చాయి.

దీని మీద 1945లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఒక ప్రయోగం జరిగింది. 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు తామే ముందుకొచ్చారు. ఆరు నెలల పాటు రోజుకి సుమారు 1,570 కేలరీల తిండి, వారానికి 35 కిలోమీటర్ల నడక. అంటే రోజుకి 5 కిలోమీటర్లు! బరువులో పావు వంతు తగ్గారు, నిజమే. కానీ నీరసం, చలి, చిరాకు, పొద్దస్తమానం తిండి మీదే ధ్యాస. కొందరైతే వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారట. నువ్వు చెప్పిన ఓట్స్, గుప్పెడు అన్నం లెక్కేస్తే 1,000 కూడా దాటవురా. వాళ్లకంటే తక్కువ తిని వాళ్లకంటే ఎక్కువ నడుస్తున్నావు. కళ్లు తిరగక ఏం చేస్తాయి?

నాకు పనిచేసింది వంటింట్లో మొదలైంది. మా ముగ్గురికీ నెలకి 4 లీటర్ల నూనె అయ్యేది. తలా రోజుకి 40 గ్రాములు, అంటే 360 కేలరీలు, కూరల్లోనూ వేపుళ్లలోనూ కంటికి కనపడకుండా వెళ్లిపోయేవి. మీ అక్క డబ్బాలోంచి వంచడం మానేసి చెంచాతో కొలవడం మొదలుపెట్టింది. వేపుళ్లు వారానికి రెండు రోజులకి దిగాయి. ఇప్పుడు నెలకి 2 లీటర్లే. దాదాపు గంట నడిస్తే పోయేంత, అంటే 180, రోజూ అక్కడే మిగిలింది. ఎవరికీ ఆకలేసింది లేదు.

తర్వాత అన్నం. వండిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీలు. మధ్యాహ్నం నా కంచంలో 400 గ్రాములు పడేది, తూచి చూసి నేనే ఆశ్చర్యపోయాను. 250కి తెచ్చాను. తగ్గించిన చోట ఆకుకూర పప్పు, గుడ్డు, పెరుగు పెంచాను. ప్రొటీన్ తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, పైగా పప్పు, గుడ్డు తింటే సాయంత్రం దాకా ఆకలెయ్యదు. ఆ రెండు మార్పులకీ లెక్క ప్రకారం నెలకి కిలో పైన తగ్గాలి, ఎందుకంటే కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. పెళ్లి భోజనాలూ పండగలూ పోను నెలకి కిలో చొప్పున తగ్గాను. ఎనిమిది నెలల్లో 76. సంక్రాంతికి అరిసెలు తిన్నాను, ఆత్రేయపురం పూతరేకులూ తిన్నాను. నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్ల నుంచి 94కి వచ్చింది. మన మగాళ్లకి 90 లోపు ఉండాలంటారు, ఇంకా ఉంది.

అలాగని నడక దండగ అనుకోకు, నేను ఒక్క రోజు కూడా మానలేదు. అది నిద్రకి, బీపీకి, షుగర్‌కి, మనసుకి. భోజనం తర్వాత పావుగంట నడిచినా షుగర్ ఎగబాకడం తగ్గుతుంది, నీకైతే అదే ముఖ్యం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు, రోజుకి గంటన్నర అక్కర్లేదు. దానికి తోడు వారానికి రెండు రోజులు కండకి పని చెప్పు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి దండీలు తియ్యడం. నలభై దాటాక కండ కరిగిపోకుండా కాపాడుకోవడం కాటా మీద అంకె కంటే పెద్ద పని.

నడిచిన దాన్ని కూలి డబ్బుల్లా లెక్కేసి తిండి మీద ఖర్చు పెట్టకు. తిన్నదానికి శిక్షగా కూడా నడవకు. తిండి సంగతి కంచంలోనే తేల్చు.

ఇవాళ రాత్రి భోజనం చెయ్యి బావా. కాస్త అన్నం, బోలెడు పప్పు, కూర, పెరుగు. ఎనిమిదిన్నర లోపు తినేసి, చెల్లెమ్మతో కలిసి వీధి చివరిదాకా నడిచి రా. మీ ఇంట్లో నెలకి నూనె ఎన్ని లీటర్లు అవుతుందో ఆమెని అడిగి నాకు రాయి. డాక్టర్ ఏమన్నాడో మాత్రం రేపు సాయంత్రానికల్లా ఫోన్ చేసి చెప్పాలి. వచ్చే నెల రెండో శనివారం హైదరాబాద్ వస్తున్నాను. ఆదివారం పొద్దున పార్కుకి నేనూ వస్తాను, నీ పక్కనే నడుస్తాను.

నీ
బావ