గొడుగు పగడాన్ని కోసే ముందు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నీ సముద్రపు నీటి ట్యాంకులోని టోడ్‌స్టూల్ లెదర్ కోరల్ అనే మెత్తటి పగడం గొడుగులా విప్పారి, కింద ఉన్న పగడాలకు వెలుతురు దక్కనివ్వడం లేదనీ, కోద్దామంటే చేయి రావడం లేదనీ రాశావు. నేను కూడా మొదటిసారి బ్లేడు పట్టుకుని చాలాసేపు ట్యాంకు ముందు ఊరికే కూర్చున్నాను. నిజానికి కోయడం సులువే. కోసిన ముక్క కొత్త పగడంగా పెరగాలంటే, దాన్ని రాయికి పట్టుకొనేలా చేయడమే అసలు పని.

మెత్తటి పగడాలకు రాతి పగడాలవలె గట్టి అస్థిపంజరం ఉండదు. కండలో స్క్లెరైట్లనే సన్నని సున్నపు రేణువులు మాత్రమే ఉంటాయి కాబట్టి కొత్త బ్లేడు చాలు. గొడుగు అంచు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలను తీసుకో. మొత్తం గొడుగును తీసేసినా, ఆరోగ్యంగా ఉన్న కాండం మళ్ళీ తల వేస్తుంది. కోత మాత్రం ట్యాంకులో వద్దు. ట్యాంకు నీళ్ళు నింపిన వేరే గిన్నెలో కోసి, ముక్కలనూ తల్లి పగడాన్నీ కడిగి లోపల పెట్టు. లెదర్ జాతి పగడాలు టెర్పీన్లనే రసాయనాలను వదులుతాయి, అవి పక్కనున్న రాతి పగడాలను ఇబ్బంది పెడతాయి. ఆ రోజు ఆ రసాయనాలను పీల్చే తాజా యాక్టివేటెడ్ కార్బన్ (శుద్ధి బొగ్గు) వేసి, కొంత నీరు మార్చడం మంచిది. కోతకు ఊరే జిగురుకు స్కిమ్మర్ (మలినాలను నురుగుగా తీసే పరికరం) పొంగిపోవచ్చు, కాసేపు కనిపెట్టి ఉండు.

ఇక అంటించడం. నేను మొదటిసారి సూపర్ గ్లూ జెల్ పూసి, ఆరు ముక్కలను వరుసగా రాళ్ళకు అతికించి, గర్వంగా నిద్రపోయాను. తెల్లారేసరికి రాళ్ళమీద గ్లూ మాత్రమే మిగిలింది. ముక్కల్లో రెండు పంపు జల్లెడకు అతుక్కుని కనిపించాయి, తక్కినవి రాళ్ళ సందుల్లోకి జారిపోయాయి. కోసిన చోట జిగురు ఊరుతూనే ఉంటుంది కాబట్టి గ్లూ కండను పట్టదు, పైనున్న జిగురు పొరను పట్టుకుంటుంది. ఆ తరువాత నేను పద్ధతి మార్చాను. వెడల్పాటి గిన్నెలో చిన్న రాతి ముక్కలు పరచి, వాటిమీద పగడపు ముక్కలను ఉంచి, పైన పలుచని వల కప్పి, నీటి ప్రవాహం నెమ్మదిగా ఉన్న చోట పెడతాను. నీళ్ళు మరీ కదలకపోతే ముక్కలు కుళ్ళుతాయి, మరీ ఉరవడిగా పారితే కొట్టుకుపోతాయి. రబ్బరు బ్యాండుతో కట్టవచ్చు గానీ, బిగిస్తే కండను కోసేస్తుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో అవి రాతిని తామే పట్టుకుంటాయి. అప్పుడు గ్లూ తీసుకో, రాయికి రాయిని అతికించడంలో అది ఎంతో నమ్మకమైనది.

తల్లి పగడం కొన్నాళ్ళు ముడుచుకుని, మైనంలాంటి పొర కట్టి, దాన్ని వదిలించుకుంటుంది. కంగారు పడి రోజూ చోటు మార్చకు.

మిగతా మెత్తటి పగడాల్లో కెన్యా ట్రీకి బ్లేడే అక్కరలేదు, కొమ్మలను తానే రాల్చుకుంటుంది. గ్రీన్ స్టార్ పాలిప్స్ ఊదా చాపలా పాకుతాయి కాబట్టి వాటిని విడిగా ఉన్న రాయిమీదే ఉంచు. జెనియా పక్కన ఒక రాయి పెడితే అదే దానిమీదికి ఎక్కుతుంది, ఆ తరువాత రాయిని పక్కకు జరపడమే మన పని. జెనియా జాతి ఎందుకలా అరచేతులు ముడిచి విప్పినట్లు కదులుతుందని ఒకసారి అడిగావు కదా? దాని దగ్గరి బంధువైన హెటిరోజెనియా మీద 2013లో వెలువడిన పరిశోధన ప్రకారం ఆ కదలిక చుట్టూ చేరిన ఆక్సిజన్‌ను దూరంగా నెట్టి, దాని కండలో నివసించే శైవలాల కిరణజన్య సంయోగక్రియను పెంచుతుంది. నాకైతే అది చూడడానికి అందమైనది, పెంచడానికి మొండిది.

గుండీల్లా కనిపించే, పగడాలకు బంధువులైన జోయాంథిడ్ల గురించి మాత్రం వేళాకోళం లేదు. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది. చేతి తొడుగులూ కళ్ళద్దాలూ లేకుండా వాటిని కోయకు, అవి ఉన్న రాయిని ఎన్నడూ వేడినీళ్ళలో ఉడకబెట్టకు.

నీ నీళ్ళు లవణీయత వెయ్యికి 35, ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నాయన్నావు, అది చాలు. నైట్రేట్‌ను సున్నాకు దించాలని మాత్రం తంటాలు పడకు. మెత్తటి పగడాలకు మరీ శుభ్రమైన నీరు గిట్టదు.

కోశాక ఫోటో పంపు. ఒక ముక్క నాకోసం ఉంచు, కానీ అది రాతిని గట్టిగా పట్టుకున్న తరువాతే పంపు.

నీ నేస్తం